బోణీ అయ్యేదాకా

శేషగిరిరావు మూడు నల్ల ప్యాంట్లు కుట్టించుకున్న రోజున భార్య కన్యకాపరమేశ్వరికి మొదటి అనుమానం పుట్టింది.

ఆయనకు యాభై నాలుగేళ్లు. తెలుగు నేల సరిహద్దు దాటాక వచ్చే భోపాల్‌పట్నం బజార్లో బట్టల కొట్టు. పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో తెల్ల చొక్కా, లేత రంగు ప్యాంటు తప్ప ఇంకొకటి వేసుకోగా ఆమె చూడలేదు. బట్టలమ్మేవాడి ఒంటి మీద మరక ఉండకూడదు, ఉంటే గిరాకీకి కనబడాలి అని మామగారు పెట్టిన నియమం అది. అలాంటి ఇంట్లో మూడు నల్ల ప్యాంట్లు, అవీ ఒకేసారి!

"ఇదేందండీ, శని పూజ ఏమన్న పట్టిన్రా?" అంది ఆమె.

"మురికి కనబడదు" అన్నాడాయన, దండెం వైపు చూస్తూ.

ఇన్నేళ్లూ ఆయన బట్టలు ఉతికింది కన్యకే. పొద్దస్తమానం కొట్లో కూర్చుని చీరలు మడతలు పెట్టే మనిషికి మురికి ఎంత అంటుతుందో ఆమెకు తెలుసు. నల్లరంగు దాకా వెళ్లాల్సినంత మురికి ఎప్పుడూ లేదు.

రెండో అనుమానం వారం తిరక్కుండానే వచ్చింది. ఆ ప్యాంట్లు ఆయనే ఉతుక్కుంటున్నాడు. ఇంట్లో సబ్బు ఏ గూట్లో ఉంటుందో తెలియని మనిషి, స్నానాల గది తలుపేసుకుని, బరబరా రుద్ది, తిరగేసి ఆరేస్తున్నాడు. ఆ తర్వాత ఒక సెంటు సీసా వచ్చింది. మల్లెపూల వాసన. కొట్లోకి ఆయన అడుగుపెడితే, ఆయన కంటే ముందు మల్లెపూలు అడుగుపెడుతున్నాయి.

ఇక అక్కడినుంచి కన్యక బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరడం మొదలుపెట్టింది. పొద్దుగూకితే మంచినీళ్లు ముట్టడం లేదు. ప్రాణం పెట్టే మజ్జిగ మానేశాడు. రాత్రిళ్లు మూడుసార్లో నాలుగుసార్లో మంచం దిగి, ఫోన్ పట్టుకుని పెరట్లోకి పోతున్నాడు. ఫోన్ దేనికంటే టార్చికట. పెరట్లో లైటు ఉంది, ఆ లైటు పెట్టించింది కూడా ఆయనే. పోయినవాడు ఒక పట్టాన రాడు. జగదల్‌పూర్‌లో ఆమె తమ్ముడి కూతురి పెళ్లికి బస్సులో పోదామంటే కడుపు బాగాలేదన్నాడు. పెళ్లినాటి రాత్రి ఇంట్లో బజ్జీలు చేయించుకుని తిన్నాడు.

ఇవన్నీ ఒకెత్తు, తోడికోడలు అన్నపూర్ణమ్మ మోసుకొచ్చిన వార్త ఒకెత్తు. అన్నపూర్ణమ్మది పక్కనే కిరాణా కొట్టు. బెల్లం దిమ్మల మీద అగరుబత్తీలు, అగరుబత్తీల మీద జలుబు గోళీల అట్టలు వేలాడే కొట్టు అది. ఊళ్లో ఎవరికి ఏం కావాలన్నా ఉంటుంది, అక్కర్లేనిది ఊరికే ఇస్తుంది.

"ఏమే కన్యకా, నీకో ముచ్చట చెప్పాలె. చెప్పకుంటే నాకు కడుపు ఉబ్బుతది."

"చెప్పినా ఉబ్బుతది అక్కా, పుట్నాలు జర తగ్గించు."

"నవ్వులాట గాదు. కిషోర్ చెప్పిండు." కిషోర్ అంటే వారం వారం బట్టల మూటలు బాసగూడ సంతకు వేసుకుపోయే పికప్ బండి డ్రైవరు. "ఆ సంతల జోగే అని ఒకామె ఉన్నదట. ప్రతీ సంతకు మీ ఆయన మొదటి చీర ఆమెకేనట. అదిగూడ సగం రేటుకు."

కన్యక చేతిలోని చాట ఆగింది. సొంత బావమరిది వచ్చి అడిగినా పది రూపాయలు దించని మనిషి శేషగిరిరావు. ఆయన ఇంకో ఆడదాని వెంట పడ్డాడంటే ఎలాగో నమ్మవచ్చు. సగం రేటుకు అమ్మాడంటే నమ్మడం ఎట్లా?

"బేరం గూడ ఆడడట. చీర చేతుల పెట్టి, లేచి, చెట్ల దిక్కు ఉరుకుతడట. ఆమె గూడ ఎనకనే పోతదేమో, కిషోర్ చూడలే."

"చూడంది చెప్పుడెందుకక్కా?"

"చూడందే చెప్పాలె. చూసింది అందరికి తెలుస్తది గద." అన్నపూర్ణమ్మ గొంతు తగ్గించింది. "మందు పెట్టిందే. ఆ అడవిల దొరకని వేరుంటదా?"

ఆ రాత్రి కన్యకకు నిద్ర పట్టలేదు. మొగుడు ఏదో దాస్తున్నాడు, అందులో సందేహం లేదు. దాచేవాళ్ల వాలకం ఆమె ఇట్టే పసిగట్టగలదు, ఎందుకంటే రెండేళ్లుగా ఆమె కూడా ఒకటి దాస్తోంది.

తుమ్మినా, దగ్గినా, బిందె ఎత్తినా, మరీ ముఖ్యంగా పగలబడి నవ్వినా ఆమెకు చీర లోపల తడుస్తుంది. నాలుగు చుక్కలే. ఆ నాలుగు చుక్కల కోసం కొట్లో మిగిలిన కాటన్ ముక్కలు మడతలు పెట్టి వాడుతోంది, ఎవరికీ కనబడకుండా ఉతుకుతోంది. భజనకు పోవడం మానేసింది, గొంతెత్తితే భయం. ఇద్దరు పిల్లల్ని కన్న ఒళ్లు, నలభై ఎనిమిదేళ్లొచ్చాయి, ఆడపుట్టుకకు ఇది మామూలే అనుకుంది. మగవాళ్లకు ఇలాంటి పీడలు ఉండవని ఆమెకు గట్టి నమ్మకం. వాళ్లకేం, ఎక్కడ గోడ కనబడితే అక్కడ నిలబడతారు.

అందుకే శేషగిరిరావు నల్ల ప్యాంట్లకు ఆమె వెతికిన కారణాల్లో ఆ ఒక్కటి మాత్రం లేదు.

"రేపు సంతకు నేను గూడ వస్త" అంది ఒకనాడు అన్నం వడ్డిస్తూ.

ముద్ద ఆయన నోటి దగ్గరే ఆగిపోయింది. "నువ్వా? మనింటి ఆడోళ్లు సంతల ఎన్నడన్న కూసున్నరా? పైగా మూడు గంటల తొవ్వ. ఆడ... ఆడోళ్లకు ఒక మరుగు గూడ ఉండదు."

మరుగు లేదన్న మాటకు ఆమెకు తన కాటన్ ముక్కలు గుర్తొచ్చాయి, కానీ మొహం మార్చలేదు. "మీకు లేని కష్టం నాకేంది?"

ఆ మాటకు ఆయన ఆమె వంక వింతగా చూశాడు. ఆ సాయంత్రం నుంచి ఆయన నీళ్లు ముట్టలేదు. ఆమె కూడా ముట్టలేదు. మంచినీళ్ల బిందె నిండుగా అలాగే ఉండిపోయింది. రోజూ పది చెంబులు తగ్గే బిందె ఎందుకు తగ్గలేదని ఇద్దరిలో ఒక్కరైనా అడగలేదు.

వానలు ఇంకా పూర్తిగా వదలని రోజులు. పొద్దున బండెక్కేసరికి శేషగిరిరావు ముక్కు ఎర్రగా ఉంది, రెండు రోజులుగా తుమ్ములు. బండి కదలగానే జేబులోంచి ఏదో గోళీ తీసి, నీళ్లు లేకుండా అలాగే మింగి, అట్టను చటుక్కున జేబులో దాచాడు.

"అదేంది?"

"ఏం లేదు."

ఏం లేదు అన్నప్పుడల్లా ఏదో ఉంటుందని ఆమె లెక్క. వేరు కాదు, గోళీ. అంటే మందు పెట్టడం కూడా కొత్త పద్ధతుల్లోకి వచ్చిందన్నమాట.

బీజాపూర్ చేరేలోపే మూడుసార్లు బండి ఆపించాడు. ప్రతిసారీ ఒకటే మాట, "కిషోర్, ఎనక టైరు చూడు." కిషోర్ దిగి టైరును ఒక తన్ను తన్నేవాడు. ఈలోపు శేషగిరిరావు చెట్ల చాటుకు పోయేవాడు. టైరు చూడటం అర నిమిషంలో అయిపోయేది. ఆయన మాత్రం రావడానికి అయిదు నిమిషాలు, పది నిమిషాలు.

"సేఠ్‌కు టైర్ల మీద బహుత్ ప్రేమ, వదినా" అన్నాడు కిషోర్ పళ్లు బయటపెట్టి.

ఆవపల్లి దాటాక చెకింగ్ దగ్గర జవాను ఒకడు మూటలు విప్పించి చూసి, శేషగిరిరావును ఎగాదిగా చూశాడు. ఎప్పుడొచ్చినా ఈ మలుపులోనే ఆగుతావు, అడవిలో ఎవరిని కలుస్తావని హిందీలో అడిగాడు. టైరన్నాడు శేషగిరిరావు. జవాను వంగి టైరు చూశాడు. కొత్త టైరు. అనుమానం తన ఒక్కదానిదే కాదని కన్యకకు కొంచెం ధైర్యం వచ్చింది.

బాసగూడ సంతలో వెదురు బొంగులు పాతి, పైన తార్పాలిన్ కట్టి, కింద పరుపు పరిచేసరికి తొమ్మిదయింది. ఆ పరుపును గద్దె అంటారు వాళ్లింట్లో. గద్దె ఎక్కినవాడు బోణీ అయ్యేదాకా దిగకూడదు, దిగితే ఆ రోజు సంత చేజారినట్టేనని మామగారి మాట. ఆయన పోయి పదేళ్లయినా మాట పోలేదు. శేషగిరిరావు దణ్ణం పెట్టుకుని గద్దె ఎక్కాడు. కన్యక మూటల వెనక, ఎవరికీ కనబడకుండా, అందర్నీ చూడగలిగేలా కూర్చుంది.

జనం ఇంకా పలచగానే ఉన్నారు. పావుగంట గడిచింది. శేషగిరిరావు మోకాళ్లు మెల్లగా ఊగడం మొదలుపెట్టాయి. అప్పుడు వచ్చింది ఆమె.

కన్యక ఊహించుకున్న మనిషి వేరు. ఈ జోగేకు యాభై దాటి ఉంటాయి. సగం నెరిసిన ముడి, చేతుల నిండా పచ్చబొట్లు, చంకలో వెదురు మొలకల బుట్ట. వచ్చి గద్దె ముందు గొంతుక్కూర్చుంది. చీరల వంక చూడలేదు. సేఠు మొహం వంక కూడా చూడలేదు. ఆయన మోకాళ్ల వంక చూస్తూ కూర్చుంది.

"ఏంది జోగే, ఈ ఆకుపచ్చది చూడు" అన్నాడు శేషగిరిరావు.

"చూస్త. తొందరేంది?"

"నాలుగొందలు."

"అట్లనా." ఆమె బుట్టలోంచి ఒక మొలక తీసి మట్టి దులిపింది. ఇంకొకటి తీసింది. దాని మట్టీ దులిపింది.

మోకాళ్ల ఊపు పెరిగింది. "సరే, మూడొందల యాభై."

"పోయిన వారం వాన బాగ పడ్డది సేఠ్. మా తావున వాగు పొంగి పారింది. నీళ్లు ఇట్ల జరజరజర..."

"మూడొందలు!"

"జరజర, జరజర పోతనే ఉన్నయి..."

"రెండొందలియ్యవే తల్లీ!" అని చీర ఆమె ఒళ్లో పడేసి, నోట్లు అందుకుని కళ్లకద్దుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా శేషగిరిరావు చెట్ల వైపు నడిచాడు. నడిచాడనడం మర్యాద కోసం.

కన్యక జోగేను చూస్తోంది. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు వెనకే పోతుంది. జోగే చీర అంచు ఎండలోకి పట్టి చూసుకుంటోంది.

ఇక ఉండబట్టలేక కన్యక మూటల వెనకనుంచి లేచింది. "నువ్వు పోవా?"

జోగే ఉలిక్కిపడింది. "ఏడికి?"

"ఆయనెంట."

"ఆడు ఉచ్చకు పోయిండు. నేనెందుకు పోత?" అని ఆమెను పైనుంచి కిందకు చూసి, "ఓ, సేఠాణివా!" అని చేత్తో నోరు మూసుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "మీ సేఠ్‌కు ఆగదు. బోణీ గాకుంటే లేవడు. అందుకే నేను అందరికంటె ముందొస్త. మోకాళ్లు కొట్టుకునేదాంక కూసుంట. ఆ మీద రేటు ఆడే దించుతడు."

"అబద్ధం."

"అయితే నువ్వే చూడు. మా మామకు గిట్లనే అయితుండె. సన్నగ వచ్చుడు, మల్ల మల్ల వచ్చుడు, వచ్చినట్టే వచ్చి ఆగుడు. ఆసుపత్రికి తోలుకపోతే బాగయిండు. సేఠ్‌కు గూడ చెప్పిన, దవాఖానకు పోరాదు అని. నా మీదికే కోపం జేసిండు."

"ఆయన బాగయితే నీకు సగం రేటు ఏడికెళ్లి వస్తది? నువ్వెందుకు చెప్తవ్?"

"నష్టం నాకే" అని ఒప్పుకుంది జోగే. "అయినా చెప్పిన."

ఇంత తెలివిగా మాట్లాడే మనిషిని నమ్మవచ్చా అని కన్యక ఆలోచిస్తుండగానే శేషగిరిరావు తిరిగొచ్చాడు. మొహమంతా చెమట. గద్దె ఎక్కబోయి, ఎక్కకుండానే మళ్లీ వెనక్కి తిరిగాడు. మళ్లీ వచ్చాడు. మూడోసారి పోయి వచ్చేటప్పుడు సగానికి వంగి, బొంగు పట్టుకుని నిలబడిపోయాడు. ఎదురుగా ఉన్న భార్యను చూసి తల తిప్పుకోవాలనుకున్నాడు గానీ, ఆ ఓపిక కూడా లేదు.

"రావట్లే" అన్నాడు చిన్న గొంతుతో. "పొద్దుగాల నుంచి మంచిగ రాలే. ఇప్పుడు ఒక్క బొట్టు గూడ వస్తలేదు. కడుపు పగిలిపోతున్నది కన్యకా."

ఆరు నెలలుగా ఏరి కుప్పపోసిన రాళ్లన్నీ ఒక్కసారి ఆమె కళ్ల ముందు తిరిగాయి. నల్ల ప్యాంటు, తిరగేసి ఆరేసిన వైపు, మల్లెపూల సెంటు, ముట్టని మజ్జిగ. ఇవన్నీ తనవి కూడా. తన కాటన్ ముక్కలూ, తన మానేసిన భజనా. ఒకే ఇంట్లో ఒకే దొంగతనం ఇద్దరు చేస్తూ, ఒకరినొకరు కాపలా కాస్తున్నారు.

జోగే అడగకుండానే వచ్చి ఆయన బొడ్డు కింద చెయ్యి పెట్టి చూసింది. "కుండ లెక్క ఉన్నది. ఇది ఆగే పని గాదు. బండి తియ్యుమను."

"గద్దె..." అన్నాడు శేషగిరిరావు. "మూటలు..."

కిషోర్ బండి నడపాలి. కన్యక ఆయన పక్కన ఉండాలి. పక్క దుకాణాల వాళ్లకు వాళ్ల గిరాకీలే సరిపోతాయి. విప్పిన మూటలు నాలుగు, విప్పనివి ఆరు. జోగే చీర మడిచి బుట్టలో పెట్టుకుని, "పో. నేను కూసుంట" అంది.

కన్యక ఆమె కళ్లలోకి చూసింది. ఇంతసేపూ మొగుణ్ణి ఎత్తుకుపోతుందేమోనని భయపడిన మనిషి చేతిలో ఇప్పుడు మూటలన్నీ పెట్టాలి. మొగుడే ఎక్కువ కదా అనుకుంది. గద్దె మీద జోగేను కూర్చోబెట్టి బండెక్కింది.

బీజాపూర్ దాకా గతుకు గతుకుకూ ఆయన మూలిగాడు. ఆసుపత్రిలో డాక్టర్ నంద అనే ఒడియా ఆయన పొట్ట నొక్కి చూసి, ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా మూత్రం దారిలో సన్నటి గొట్టం వేయించాడు. గొట్టం చివర తగిలించిన సంచి నిండుతూ పోయింది. సంచి నిండేకొద్దీ శేషగిరిరావు మొహంలోకి రంగు తిరిగొచ్చింది. అంత హాయిగా ఉన్న ఆయన మొహాన్ని కన్యక ఈ మధ్య కాలంలో చూడలేదు. పెళ్లినాటి ఫొటోలో కూడా అంత హాయి లేదు.

"ఈ మధ్య ఏమైనా మందులు వాడుతున్నారా?" అని హిందీలో అడిగాడు డాక్టరు.

కన్యక భర్త జేబులో చెయ్యిపెట్టి అట్ట బయటికి లాగింది. ఇక్కడైనా తేలాలి, ఎవరిచ్చారో. డాక్టరు అట్ట తిప్పి చదివాడు. "జలుబు గోళీలు. ఎన్ని వేసుకున్నారు?"

"రెండు రోజుల్ల ఆరు" అన్నాడు శేషగిరిరావు. "మా వదిన కొట్టుయి."

మందు పెట్టింది ఎవరో తేలిపోయింది.

తెలుగులో విడమర్చి చెప్పింది నర్సు రేణుక. తర్లగూడ పిల్ల, మాట గలగలా ఉంటుంది. "అంకుల్, మూత్రం సంచి కింద ఒక గ్రంథి ఉంటది. మగోళ్లకు యాభై దాటినంక చాలమందికి పెరుగుతది. పెరిగితే దారి ఇరుకైతది. అందుకే సన్నగ వస్తది, మాటిమాటికి వస్తది, రాత్రి లేపుతది. అసలే ఇరుకు దారి, దాని మీద ఈ జలుబు గోళీలు వేస్తే మూసుకపోతది. ఇంకెన్నడు అడగకుండ మింగకండి."

"ఆపరేషనా?" అన్నాడాయన బిక్కమొహంతో. ఆ భయమే ఆర్నెల్లుగా ఆయన్ను ఆసుపత్రి వైపు చూడనివ్వలేదు.

"అందరికి గాదు. కొన్ని రోజులు గొట్టం, రాత్రి పడుకునేముందు ఒక గోళీ. ఆ గోళీ వేసుకుంటే దిగ్గున లేవద్దు, కళ్లు తిరుగుతయి. గొట్టం తీసినంక మంచిగ వస్తే సరే. మూత్రం, షుగరు, కిడ్నీ పరీక్షలు ఇప్పుడు చేస్తం. గ్రంథిది స్కానింగు, ఒక రక్తపరీక్ష కొన్నాళ్లాగి జగదల్‌పూర్‌ల చేయించుకోండి. చెడ్డదేమన్న ఉంటే తెలుస్తది, లేకుంటే నిమ్మళంగ ఉండొచ్చు. ఇగ నీళ్లు ఎందుకు మానేసిన్రు?"

"తాగితేనే కద వచ్చేది."

"తాగకుంటే చిక్కగయి మంట పెడ్తది, ఇంకా తొందర పెడ్తది. పగటిపూట మంచిగ తాగండి. పడుకునే రెండు గంటల ముందు ఆపండి. చాయ్ తగ్గించండి."

ఆయన తలూపాడు. కన్యక గొంతు సవరించుకుంది. "రేణుకా, ఒకటి అడుగుత. మా తోడికోడలు ఉన్నది, అన్నపూర్ణమ్మ. ఆమెకు దగ్గితే, తుమ్మితే... కొంచెం..."

"పడతదా?"

"ఆమెకు. నాకు గాదు."

రేణుక నవ్వు ఆపుకుని కన్యకను పక్కకు తీసుకుపోయింది. "మీ తోడికోడలికి చెప్పండి ఆంటీ, కాన్పులైన ఆడోళ్లల్ల శానమందికి ఉంటది. అడుగున పట్టి ఉంచే కండ వదులైతది. గాలి ఆపుకుంటం చూడు, అట్ల లోపలికి బిగబట్టి పది లెక్కబెట్టి వదలాలె. పదిసార్లు. రోజుకు మూడు పూటలు, మూడు నెలలు. ఊపిరి బిగబట్టొద్దు. తుమ్ము వస్తదనంగనే ముందు బిగించాలె. ఆమెను గూడ ఒకసారి మూత్రం, షుగరు చూపించుకోమనండి. సిగ్గెందుకు? మనం దాస్తే అది తగ్గుతదా?"

సాయంత్రం మంచం పక్కన ఇద్దరే మిగిలారు. 

"నాకెందుకు చెప్పలే?" అంది కన్యక.

ఆయన పైకప్పు వంక చూశాడు. "రెండేండ్ల నుంచి నువ్వు నవ్వుడు మానేసినవ్. నేనేమన్నా మూతి బిగించుకుంటవ్. మొగుడు ముసలోడయిండని నా మీద ఏవగింపు వచ్చిందనుకున్న. ఇగ ప్యాంట్లు తడుస్తున్నయని గూడ చెప్పాల్నా?"

కన్యకకు ముందు అర్థం కాలేదు.  ఆయన అనుమానం ఇదా! తను మూతి బిగించింది నవ్వు రాక కాదు, నవ్వొస్తే ఏమవుతుందో తెలిసి.

"నవ్వితే నాక్కూడ తడుస్తదండీ" అంది చివరికి, ఇటూ అటూ చూసి.

"ఏం తడుస్తది?"

ఆమె చెప్పింది. కాటన్ ముక్కల సంగతి కూడా చెప్పింది.  "అందుకేనా కట్‌పీసులు తక్కువొస్తున్నయి! నేను కిషోర్ మీద అనుమానపడ్తున్న." ఆయన నవ్వాడు, గొట్టం కదిలి "అబ్బా" అన్నాడు. ఆ "అబ్బా"కు ఆమెకు నవ్వు ఆగలేదు. రెండేళ్ల నవ్వు ఒక్కసారిగా వచ్చింది. రేణుక తలుపు సందులోంచి తొంగిచూసి పోయింది.

"తడిసిందా?" అన్నాడాయన గుసగుసగా.

"తడవక?" అంది ఆమె కళ్లు తుడుచుకుంటూ.

మూటల సంగతి అన్నపూర్ణమ్మ ఊరంతా చాటింది, జోగే ఈపాటికి అడవిలో కొట్టు పెట్టి ఉంటుందని. తన గోళీల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు గానీ, అట్టలు కొట్లోంచి మాయమయ్యాయి. ఆ తర్వాతి వారం కిషోర్ పోతే పది మూటలూ జోగే ఇంటి అటక మీద ఉన్నాయి. వానకు తడవకుండా పైన మోదుగాకులు కప్పి ఉన్నాయి.

గొట్టం నాలుగో రోజున తీశారు, దారి మళ్లీ మూసుకుపోలేదు. జగదల్‌పూర్‌లో పరీక్షలు చేయించుకున్నాక చెడ్డదేమీ లేదని తేలింది. మూడు నెలల తర్వాత, చలి మొదలైన రోజుల్లో, బాసగూడ సంతలో మళ్లీ తార్పాలిన్ కట్టారు. ఈసారి గద్దె మీద కన్యక కూర్చుంది. బోణీ అయ్యేదాకా గద్దె దిగకూడదని మామగారన్నారు గానీ, ఎక్కేది మగవాడే అయి ఉండాలని ఆయన ఎక్కడా చెప్పలేదు. శేషగిరిరావు లేత రంగు ప్యాంటులో, చేతులు వెనక్కి కట్టుకుని, తీరిగ్గా చెట్ల వైపు నడిచాడు.

జోగే వచ్చింది. గద్దె మీద మనిషి మారడం చూసి ఒక్క క్షణం ఆగి, తన జాగాలో గొంతుక్కూర్చుంది. కన్యక మోకాళ్ల వంక చూసింది. అవి కదలడం లేదు. ఎదురుచూసింది. అప్పటికీ కదల్లేదు.

"ఆ ఎర్రది ఎంత?"

"నాలుగొందలు."

"వాగుల నీళ్లు జరజర..."

"పారనియ్యి. నాలుగొందలు."

జోగే ఇంకో ఎత్తు వేసింది. లేచి నిలబడి, శేషగిరిరావు ఆనాడు చెప్పులు లేకుండా చెట్లలోకి పోయిన నడకను నడిచి చూపించింది. వెనక ఒక చెయ్యి, ముందు ఒక చెయ్యి, మొహంలో ఆ అవస్థ. సంతలో సగం మంది తిరిగి చూశారు. కన్యకకు లోపలినుంచి నవ్వు తన్నుకొచ్చింది. ముందు బిగించింది, తర్వాత నవ్వింది. పగలబడి, గట్టిగా, భజనలో పాడినంత గొంతుతో నవ్వింది. నవ్వు అయ్యాక ఒక్క క్షణం కదలకుండా కూర్చుని, లోపల విచారించుకుంది. ఒక్క చుక్క. బహుశా అదీ లేదు.

"నాలుగొందలు" అంది మళ్లీ.

జోగే నిట్టూర్చి, కొంగు ముడి విప్పింది. బోణీ అయింది, నిండు రేటుకు. అప్పుడు కన్యక గద్దె కిందనుంచి కాగితంలో చుట్టిన రవికె గుడ్డ, దాని మీద ఇంకో చీర తీసి ఆమె ఒళ్లో పెట్టింది. రెండూ మంచి రకం, ఆనాడు జోగే కాచిన పది మూటల్లోవే.

జోగే వాటిని ముట్టుకోలేదు. ఒకసారి కన్యక మొహం చూసింది, ఒకసారి చెట్ల వైపు చూసింది. తర్వాత రవికె గుడ్డ విప్పి, వెలుతురుకు పట్టి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చిల్లు కోసం వెతికింది. ఎక్కడా దొరకలేదు. తిరగేసి మళ్లీ వెతికింది.

"ఏంది సేఠాణీ," అంది కళ్లు చిన్నవి చేసి, "ఊరికెనే ఎందుకిస్తున్నవ్?"